బుల్లి నడక, మూడో అల్లిక

పొద్దు 41

బుల్లీ, ఒసే బుల్లీ, ఇవాళ నువ్వు తెర మీద నడిచావే.

ముందు ఈ వంటపంటు పుస్తకంలో రాయాల్సినవి రాసేస్తాను, లేకపోతే మన పేట పెద్ద తాతబ్బాయి గారు కోప్పడతారు. వంటపంటు, తేలే పంట్లలో ఏడో నంబరు. తొట్టిలో తియ్యనీళ్ళు మూడు జానలు. తూర్పు పక్క మోకు నానిపోయి పీచు లేస్తోంది, మార్చాలి. గాలి పడమర. నాచు పులుసు, చామదుంపల వేపుడు, అరవై మందికి. గిన్నెలు నాకేశారు.

ఇప్పుడు నీ సంగతి.

ఆదివారం కదా, భోజనాలయ్యాక నాలుగు వైపులా టార్పాలిన్లు దించి పంటుని చీకటి చేశాం. తాతబ్బాయి గారు తెర కట్టారు. కొత్త బొమ్మ. పేరు ఉప్పుగాలి కాపురం. నీళ్ళ మీద ఊళ్ళవాళ్ళ కథంట, అందుకని రుచి చూడమని గట్టు మీద నుంచి ముందు మన పంట్లపేటకే పంపారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు. అక్క నెలలు నిండి ఉంటుంది. దాని మొగుడు గట్టు మీద పనిలోకి పోయి, ఇంక రానని ఉత్తరం రాస్తాడు. అది చెల్లెలు మాణిక్యం చేతిలో పడుతుంది. చదివి, అక్కకివ్వకుండా బొడ్లో దోపుకుని, బిందె చంకనేసుకుని, పంట్ల మధ్య వేసిన చెక్కపలక మీద ఈ పంటు నుంచి ఆ పంటుకి నడిచి వెళ్తుంది.

మొహం నీది కాదు. గొంతు నీది కాదు. ఎవరి పిల్లో, చక్కటి మొహమే. కాని ఆ నడక! ఎడం కాలు వేసినప్పుడల్లా మనిషి కిందకి దిగడం, కుడి కాలు మీద పైకి లేవడం. దిగి, లేచి, దిగి, లేచి. నేను పులుసు గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూచున్నదాన్ని లేచి నిలబడిపోయాను. వెనక నుంచి ఎవరో "అడ్డం లేవమ్మా" అన్నారు. ఆ తర్వాత వాళ్ళే "ఓరి దేవుడా, మన బుల్లి" అన్నారు.

నీకు పదహారేళ్ళప్పుడు అల్లికమిషను వాళ్ళు ముద్రలు తీసుకోటానికి వచ్చారు, గుర్తుందా. బొమ్మలు ఆ మిషనే కదా అల్లేది, దానికి మనుషుల ముద్రలు కావాలి. ఒకరు మొహం ఇచ్చారు, ఒకరు నవ్వు ఇచ్చారు. నువ్వు, నేను వద్దంటున్నా వినకుండా, నడక ఇస్తానన్నావు. ముద్రలు తీసే ఆయన నీ కాలు చూసి, "ఇదెవరికి పనికొస్తదమ్మా?" అన్నాడు. నువ్వేమో, "చేపలు కొనుక్కోటానికి వెళ్ళే మనిషికి పనికొస్తదండి" అన్నావు.

ఎప్పుడూ అదే గొడవ నీది. బొమ్మల్లో కుంటిపిల్ల ఉంటే అడుక్కోవాలి, లేదంటే సగంలో చచ్చిపోవాలి, లేదంటే ఆఖర్లో కాలు బాగైపోవాలి. "కుంటిదై ఉండి ఊరికే కూర వండుకోకూడదా అమ్మా?" అనేదానివి. నేను నవ్వేదాన్ని. దేవుడు నాకు బుర్ర తక్కువ ఇచ్చాడు.

బొమ్మ అయ్యాక గరిటె మాట. నువ్వున్నప్పటిలాగే, గరిటె ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే మాట్లాడాలి, మిగతావాళ్ళు నోరు మూసుకోవాలి, ఎవరూ మూసుకోరు. చెవిపెట్టె మధ్యలో పెట్టారు. మనం అనుకున్నదంతా అది వింటుంది, పడవ మీద గట్టుకి పోతుంది, మిషను విని బొమ్మని మళ్ళీ అల్లుతుంది. ఇవాళ ఆ పెట్టెకి నీ నడక తప్ప ఇంకోటి వినపడలేదు. అందరూ నీ నడకే, నీ నడకే. అందరూ ఏడుపే. గరిటె నా చేతికొచ్చేసరికి నేనసలు మాట్లాడలేదు, ఏడిచాను. పక్క పంటు పైడమ్మ మామ్మ నా వీపు రాస్తూ తనూ ఏడిచింది.

ఎవరెవరికి దణ్ణం పెట్టాలో తెలీడం లేదు. తెర కట్టినాయనకి పెడుతున్నాను. ఆ రోజు నిన్ను వద్దనకుండా ముద్ర తీసుకున్న ఆయనకి కూడా, ఎక్కడున్నాడో.

పొద్దు 44

తియ్యనీళ్ళు రెండు జానలన్నర. మోకు మార్చారు. మార్చింది నూకరాజు.

వాడు నిన్ను చిన్నప్పుడు వెక్కిరించేవాడు కదా, నీ వెనకాల నీలాగే నడుస్తూ. నువ్వు వాణ్ణి ఓసారి నీళ్ళలోకి తోశావు కూడా. వాడిప్పుడు బొమ్మల పిచ్చోడు, వీరుడు పదిమందిని కొడితే గాని వాడికి అన్నం సయించదు. ఇవాళ మోకు కట్టి, చేతులు తుడుచుకుంటూ, "కాసులత్తా, నేనప్పుడు ఎదవ పని చేశానండి" అన్నాడు. "ఎప్పుడు చెయ్యలేదు గనక?" అన్నాను. నవ్వాడు. అన్నం పెట్టాను. రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

పై పంట్ల నుంచి మనుషులొస్తున్నారు. నీ నడక చూశామని చెప్పడానికే వస్తున్నారే. ఒకావిడ ఎండు నాచు తెచ్చింది, ఇంకొకావిడ చింతపండు. నువ్వు పోయినప్పుడు ఎవరూ రాలేకపోయారు పాపం. ఆ పెనుగాలిలో పడవే రాలేదు, నీ జొరానికి మందే రాలేదు, మనుషులెలా వస్తారు? నిన్ను తీసుకున్న బొమ్మలున్న నీ ఫోను కూడా ఆ గాలికే సముద్రంలో పోయింది. రెండేళ్ళుగా నీ నడక నా కళ్ళలో తప్ప ఎక్కడా లేదనుకున్నాను. కళ్ళల్లోది కూడా అరిగిపోతుందేమోనని భయపడేదాన్ని, రోజుకోసారి తలుచుకుని చూసుకునేదాన్ని.

ఇప్పుడు ఆ భయం లేదు.

పొద్దు 55

నీళ్ళు, మోకులు అన్నీ బాగానే ఉన్నాయి.

రెండో అల్లిక వచ్చింది. నీ నేస్తం రత్తాలు పొద్దున్నే వచ్చి నాకు జడ వేసింది. నీ నడక చూడ్డానికి వెళ్తూ చింపిరి జుట్టుతో ఏంటి అత్తా అంది. ముందు వరసలో కూచోబెట్టారు.

మాణిక్యం ఉత్తరం బొడ్లో దోపుకుంది. బిందె చంకనేసుకుంది. పలక ఎక్కింది.

చక్కగా నడిచింది బుల్లీ. సాపుగా, గీత గీసినట్టు. దిగలేదు, లేవలేదు.

పలక దాటేసింది. నేను తెర పాడైందనుకున్నాను. తాతబ్బాయి గారు బొమ్మ ఆపేసి, దానితో వచ్చిన చీటీ తీసి చదివారు. నాకోసం మళ్ళీ చదివారు, నేను ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"ప్రేక్షకులు మాణిక్యం నడకను నూట పద్నాలుగు సార్లు ప్రస్తావించారు. గొంతుల్లో దుఃఖం. దుఃఖానికి కారణమైన లోపాన్ని సరిచేశాము."

నూకరాజు లేచి, "లోపమా? ఎవడికిరా లోపం?" అని తెర మీదకి పోయాడు. నలుగురు పట్టుకున్నారు. తాతబ్బాయి గారు ఇంకెవరూ నోరు తెరవకముందే గోనెసంచి తెచ్చి చెవిపెట్టె మీద కప్పేశారు. ఆయనకి ఆ బుద్ధి పుట్టించినందుకు దేవుడికి దణ్ణం. ఆ నిమిషంలో నేను పెట్టిన ఏడుపు గనక అది వినుంటే, నీ కాలే కాదు, మాణిక్యాన్నే తీసేసేది.

పొద్దు 56

ఉప్పు రెండుసార్లు వేశాను, ఎవరూ ఏమీ అనలేదు, తిన్నారు. వాళ్ళకి మంచి జరగాలి.

నేనే చేశానమ్మా. నువ్వు బతికుండగా నీ కాలు బాగవ్వాలని నేను ముడుపు కడితే నువ్వు నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు నా ఏడుపు విని మిషను నీ కాలు బాగుచేసేసింది. అక్కర్లేని మొక్కు తీరింది.

తాతబ్బాయి గారిని అడిగాను. మొదటి అల్లిక ఉంది కదండీ, అది దాచుకుందాం అన్నాను. ఆయన అన్నారు, "రెండోది తెచ్చిన పడవే మొదటిది పట్టుకుపోయిందమ్మా. మూడోది ఆఖరు. మూడో దాంట్లో నడక ఎలా ఉంటే ముద్రలు దాచే కొట్టులో నీ ముద్రని కూడా అలాగే దిద్దేస్తారు. ఇంక పాతది ఉండదు."

"ఎన్నాళ్ళుంది?"

"పెట్టెకోసం శనివారం పడవ. అంటే అరవై ఒకటో పొద్దు. ఈలోపు మనం గరిటె మాట మాట్లాడాలి."

"వెళ్ళి ఆ మిషనుకే చెప్పుకోకూడదా?"

"దానికి మొహం లేదమ్మా, చెవులే. ఆ పెట్టెలో ఏం వినిపిస్తే అదే."

పొద్దు 58

నీళ్ళు రెండు జానలు. వాన వాసనొస్తోంది.

ఇవాళ అంట్లు తోముతుంటే సభ పెట్టారు. నాచు కడిగేవాళ్ళు నాచు కడుగుతూనే, నేను తోముతూనే.

నూకరాజు ముందు మొదలెట్టాడు. "ఏడిస్తే లోపం అనుకుంది కదా. అయితే నవ్వుదాం. బుల్లి నడక గురించి అందరం పకపకా నవ్వుతూ మాట్లాడితే, ఓహో ఇది వీళ్ళకి నచ్చింది అనుకుని తిరిగి పెట్టేస్తది."

నాకు బాగానే తోచింది. పైడమ్మ మామ్మ అప్పుడే నవ్వు మొదలెట్టేసింది, పళ్ళు లేని నోటితో, హె హె హె అని. దాన్ని చూసి నిజంగానే అందరం నవ్వాం.

రత్తాలు మటుకు నవ్వలేదు. "ఆ లావుపాటి వంటావిడ బొమ్మ మర్చిపోయారా?" అంది.

అందరూ చప్పున ఆగిపోయారు. నువ్వు లేవు అప్పటికి. పోయినేడు ఒక బొమ్మలో లావుపాటి వంటావిడ ఉండేది, మంచి మనిషి. ఆవిడ కుర్చీలో కూచున్నప్పుడు కుర్చీ కిర్రుమందని మనం నవ్వాం, అంతే. రెండో అల్లికలో మిషను ఆవిణ్ణి మూడుసార్లు బురదలో పడేసింది. మూడో దాంట్లో ఆవిడ పడ్డం తప్ప ఇంకేమీ చెయ్యలేదు.

"నవ్వితే బుల్లిని పడేస్తది. బిందెతో సహా. ప్రతి పలక మీదా పడేస్తది. పిల్లలు వెక్కిరిస్తా చూస్తారు" అంది రత్తాలు. ఆ మాటకి నూకరాజు తలకాయ వంచేసుకున్నాడు.

ఏడిస్తే బాగుచేస్తది. నవ్వితే పడేస్తది. ఇంక మనుషులు ఏం చెయ్యగలరు చెప్పు?

అప్పుడు రత్తాలే అంది, "బుల్లి ఏమనేది అత్తా? చేపలు కొనుక్కోటానికి వెళ్ళే మనిషి అనేది. చేపల గురించే మాట్లాడదాం. ఉత్తరం గురించి మాట్లాడదాం. మాణిక్యం మంచిదా చెడ్డదా, అక్కకి చెప్పాలా వద్దా, అది. నడక గురించి ఒక్కరే, ఒక్కసారే, మామూలుగా చెప్పాలి. పప్పులో ఉప్పు చాల్లేదు అన్నట్టు."

"ఎవరు చెప్తారు?"

అందరూ నా వైపు చూశారు.

"నావల్ల కాదు. నేను నోరు తెరిస్తే ఏడుపే వస్తుంది" అన్నాను.

పైడమ్మ మామ్మ అంది, "నీ కూతురిలా నడిచే మనిషిని పాతికేళ్ళు చూసినదానివి నువ్వు. మేం చెప్తే అబద్ధం చెప్పినట్టుంటదే."

పొద్దు 60

ఇవాళ గరిటె మాట. వంట పొద్దున్నే అయిపోయింది. అన్నం, ఎండుచేపల ఇగురు. ముందు తినండి, ఖాళీ కడుపుతో గొంతు వణుకుతుంది అని అందరికీ పెట్టాను. నేనూ తిన్నాను, రత్తాలు దగ్గర కూచుని తినిపించింది.

తాతబ్బాయి గారు గోనెసంచి తీశారు. "పంట్లపేట, వంటపంటు, రెండో అల్లిక మీద మాట" అని పెట్టెకి చెప్పారు.

రత్తాలు గరిటె తీసుకుంది. "మాణిక్యం చేసింది తప్పు కాదండి. అక్క నెలలు నిండి ఉంది. కాన్పయ్యాక ఇద్దామనుకుంది."

నూకరాజు గరిటె లాక్కున్నాడు. "అనుకోటానికి అదెవరు? ఉత్తరం ఎవరి పేరు మీద వస్తే వాళ్ళది. పైగా చింపి చదివింది! నా ఉత్తరం ఎవరన్నా చింపితే ఊరుకుంటానా?"

"నీకెవరు రాస్తారురా ఉత్తరం?" అంది పైడమ్మ మామ్మ.

"గరిటె మీ దగ్గర లేదు మామ్మా."

"గరిటె లేకపోతే నోరు లేదా? అయినా దానికి పొగరండి. దారిలో ఎదురైన పెద్దావిడ ఏమ్మా అని పలకరిస్తే తలెత్తి చూసిందా? నాకు కోడలైతేనా!"

"బొడ్లో ఉత్తరం పెట్టుకుని ఎవరి మొహం చూస్తదండి? భయంతో ఉంది" అని రత్తాలు.

"భయం ఉన్న మనిషి దాచకూడదు" అన్నాడు నూకరాజు.

"దాచేటప్పుడే కదరా భయం!"

మొదట్లో వాళ్ళు పెట్టె వంక దొంగచూపులు చూస్తూ మాట్లాడారు. కాసేపటికి పెట్టెని మర్చిపోయారు. నిజంగానే తగువుకొచ్చేశారు. పదో పంటు ఆయన తన చెల్లెలు ఇలాగే ఒక సంగతి దాచిందని, ఇప్పటికీ మాట్లాడ్డం లేదని చెప్పాడు. ఆయన పెళ్ళాం, "అందుకేనా మీరు మాట్లాడంది? నాకెప్పుడూ చెప్పలేదే" అంది. ఆయ్, అది వేరే తగువు అయింది. మాణిక్యం మన వీధిలో పిల్లయిపోయింది బుల్లీ. దాన్ని తిట్టారు, వెనకేసుకొచ్చారు, దానికి ఎవరినిచ్చి చెయ్యాలో కూడా అనుకున్నారు. దాని కాలు ఎవరికీ గుర్తు లేదు.

నాకూ కాసేపు గుర్తు లేదు. అది చెప్తే నువ్వు సంతోషపడతావని రాస్తున్నాను.

గరిటె నా దగ్గరికొచ్చింది. నీ మొహం తలుచుకోకూడదనుకున్నాను. బిందె తలుచుకున్నాను. రోజూ మోసేదే కదా.

"నేను వంటపంటు కాసులమ్మనండి. ఒక తప్పు ఉందండి బొమ్మలో. బిందె. మొదట చూపించినప్పుడు ఆ పిల్లకి ఎడం కాలు పొట్టి. అదే దాని నడక. మీరు ఈసారి మార్చారు, మార్చక్కర్లేదు, ముందున్నదే పెట్టండి. కాని అప్పుడు కూడా బిందె ఎడం చంకన పెట్టారండి. అలా ఎవరూ పెట్టుకోరు. ఎడం కాలు దిగినప్పుడు బరువూ అటే లాగితే మూడో అడుగుకి మనిషి నీళ్ళల్లో ఉంటది. బిందె కుడి చంకన పెట్టుకుంటది. తెలిసినవాళ్ళు చూస్తే నవ్విపోతారు. అది మార్చండి."

అంతే అన్నాను. గొంతు బాగానే ఉంది. పక్కింటి పిల్లకి నీళ్ళు మొయ్యడం చెప్తున్నట్టే వచ్చింది.

గరిటె పక్కనాయనకి ఇచ్చేశాను. ఆయన తీసుకుని, "అదలా ఉంచండి, నేనడిగేదేంటంటే ఆ మొగుడికి ఉత్తరం రాయడం వచ్చా అసలు?" అన్నాడు. మళ్ళీ తగువు మొదలైంది.

నేను వెనక్కి వెళ్ళి పొయ్యిలో బూడిద తీశాను. అప్పుడు కాస్త ఏడ్చానులే. పెట్టెకి వినపడనంత.

పొద్దు 61

పడవ వచ్చింది. పెట్టె వెళ్ళింది. తియ్యనీళ్ళు నింపారు, అయిదు జానలు. పడవాయనకి చద్దన్నం కట్టిచ్చాను. పెట్టె తడవకుండా చూడు నాయనా అన్నాను. ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు, ఎంత మంచి పిల్లాడో.

పొద్దు 69

గాలి లేదు. నీళ్ళు నాలుగు జానలు.

మూడో అల్లిక. చీటీ ముందు చదవమని రత్తాలు అంది, వద్దన్నాను. చూశాక చదువుదాం అన్నాను.

మాణిక్యం ఉత్తరం చింపింది, చదివింది, బొడ్లో దోపుకుంది. వంగి బిందె ఎత్తింది. ఎత్తి కుడి చంకన పెట్టుకుంది.

పలక ఎక్కింది. ఎడం కాలు వేసింది. దిగింది. లేచింది.

దిగింది, లేచింది, దిగింది, లేచింది.

ఇంకొకటి జరిగింది బుల్లీ. బిందె కుడివైపు పోయింది కదా, ఎడం చెయ్యి ఖాళీ అయింది. మూడో అడుగులో ఆ చెయ్యి పక్కకి తెరుచుకుంది. వేళ్ళు విడదీసి, చిటికెన వేలు కాస్త పైకెత్తి. నువ్వెలా పెట్టేదానివో అలాగ. ఆ చెయ్యి సంగతి నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. నేను మర్చేపోయాను. నడక దాని చోటికది రాగానే చెయ్యి తనంతట తనే వచ్చింది. నువ్వు ఇచ్చిన ముద్రలోనే ఉందంట, తాతబ్బాయి గారు చెప్పారు, బిందె అడ్డం ఉండి ఇన్నాళ్ళు కనపడలేదు.

నేను చూస్తున్నాను. అందరూ నాకోసం ఊరుకున్నారు. మాణిక్యం పలక సగంలో ఉంది. అప్పుడు వెనక నుంచి నూకరాజు ఆగలేక, గొంతు చించుకుని అరిచాడు.

"ఆ ఉత్తరం ఇచ్చెయ్యవే దొంగమొహమా!"

"ఇవ్వదు! నువ్వు కూచో!" అని రత్తాలు.

పంటంతా గోలెత్తిపోయింది. ఇమ్మని కొందరు, వద్దని కొందరు. నా బుల్లి నడకతో ఆ పిల్ల వాళ్ళ తిట్లన్నీ పడుతూ, బొడ్లో ఉత్తరంతో, ఎవరికీ మొహం ఇవ్వకుండా, తన పని మీద తను వెళ్ళిపోయింది. నేను కూడా అరిచాను. ఇవ్వొద్దనే అరిచాను.

చీటీలో ఏముందో తర్వాత చదివారు. "బిందె: సవరించాము. నడక: మొదటి ముద్ర ప్రకారం. ఉత్తరం విషయంలో ప్రేక్షకులు ఏకాభిప్రాయానికి రాలేదు, అలాగే ఉంచాము." ఇది ఇంక ఇలాగే ఉంటుందంట, అన్ని ఊళ్ళకీ వెళ్తుందంట.

రత్తాలుకి, నూకరాజుకి, పైడమ్మ మామ్మకి, తాతబ్బాయి గారికి, తగువులాడిన అందరికీ నా దణ్ణాలు. ఆ మిషనుకి కూడా, విన్నందుకు. నీకు కూడానమ్మా, ఆ రోజు నా మాట వినకుండా నడక ఇచ్చినందుకు.

రేపటి నుంచి పై ఊళ్ళ పడవలు వస్తాయంట, మన పంటు మీదే కూచుని చూస్తామన్నారంట. వంద మందికి వండాలి. ఇవాళ్టికి ఇగురు, చారు ఉన్నాయి. నేను లేనప్పుడు ఈ పుస్తకం తీసినవాళ్ళెవరైనా సరే, అన్నం ఆ మూల పెద్ద గిన్నెలో ఉంది, సిగ్గుపడకుండా వడ్డించుకుని కడుపునిండా తినండి.